తాతల సంఘం సత్యకుమారి

రాజమండ్రి ఇన్నీసుపేటలో "గోదావరి వంశవృక్ష మండలి కార్యదర్శి గారిల్లెక్కడండీ?" అని అడిగితే ఎవరైనా తెల్లమొహం వేస్తారు. "తాతల సంఘం సత్యకుమారి గారిల్లు" అనాలి. అప్పుడు, "ఓ, ఆవిడా! అదిగోండి, ఆ ఆకుపచ్చ గేటు" అని దగ్గరుండి చూపిస్తారు.

సత్యకుమారి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరిన రోజుల్లో జనం ట్రంకు కాల్ కోసం పూటలకి పూటలు పడిగాపులు కాసేవారు. అమలాపురంలో ఉన్న కూతుర్ని కాకినాడలో ఉన్న తల్లితో కలపడం, మధ్యలో లైను పోతే "ఉండండమ్మా, మళ్లీ కలుపుతాను" అనడం, అదే ఆవిడ ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎవరినో ఒకరిని ఎవరితోనో కలిపితే తప్ప ఆవిడకి అన్నం సయించదు. పేపరు మిల్లులో చేసి ఇంటిపట్టునున్న భర్త శ్యాంబాబు వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతుంటాడు: "మా ఇంట్లో ఇంగువ డబ్బా ఎక్కడుందో మా ఆవిడకి తెలీదండి. కొత్తపేట వాళ్ల ముత్తాత రెండో పెళ్లి ఎవర్ని చేసుకున్నాడో మాత్రం తెలుసు."

సంఘం పెట్టింది ఆవిడ కాదు, భాస్కరం గారని ఒక లైబ్రేరియన్. తండ్రి పోయినప్పుడు గోదావరి రేవులో కర్మకాండ చేస్తుంటే పురోహితుడు వరసగా పేర్లడిగాడు. తాత పేరు చెప్పాడు. ఆ పైన పేర్లు తెలీలేదు. పక్కన కూర్చున్నవాళ్ల పరిస్థితీ అంతే. "పుస్తకాలకి కేటలాగు రాస్తూ బతికినవాణ్ణి, నా ముత్తాత పేరు నాకే తెలీదు" అని సిగ్గుపడి, నలుగురు స్నేహితుల్ని పోగేశాడు. వాళ్లలో ఒకాయనకి ప్రింటింగ్ ప్రెస్సుంటే, దాని మేడ మీది గది మండలికి చోటైంది. రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసే చినబాబు కుర్చీలిచ్చాడు. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ఫణిశ్రీ పాత ఫొటోలు, శుభలేఖలు, పెద్దవాళ్ల మాటల రికార్డింగులు అన్నీ ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్లో పెట్టింది. చందాలు లేవు. ఉన్న షరతల్లా ఒకటే: మండలి చేత తమ వంశవృక్షం గీయించుకున్నవాళ్లు, ఇంకో ఇంటి వంశవృక్షం కోసం తిరగాలి. పల్లకీ మోసే బోయీల్లాగా ఒకరి తర్వాత ఒకరు భుజం పట్టబట్టే అన్నాళ్లు నడిచింది.

భాస్కరం గారు పోయాక అది మెల్లగా సడలింది. రావడం మానేసినవాళ్లు మానేశారు. ఇంతలో ప్రెస్సు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతామని యజమాని కొడుకులు కబురు పెట్టారు. ఆ ఆదివారం మిగిలిన నలుగురూ మేడ మీద చేరారు. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన విష్ణు గారు మండలి అధ్యక్షుడు. మాట తూచి తూచి మాట్లాడే మనిషి.

"సామాను ఏదైనా లైబ్రరీకి ఇచ్చేద్దామండి" అన్నాడాయన. "వచ్చే నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. దాంతోపాటే సంఘానికీ దణ్ణం పెట్టేద్దాం."

చినబాబు తను తెచ్చిన చక్రకేళీల వైపు చూస్తూ కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. చంకలో పాపతో ఒక అమ్మాయి, ఆమె వెనక ఆయాసపడుతూ ఒక పెద్దావిడ గుమ్మంలోకి వచ్చారు.

"తాతల పేర్లు వెతికిపెట్టేది ఇక్కడేనాండీ?" అంది పెద్దావిడ.

అమ్మాయి పేరు వీరదుర్గ. కాకినాడ హార్బరు దగ్గర చేపల వ్యాపారం. పెద్దావిడ ఆమె తల్లికి అక్క, పెద్దింట్లమ్మ. వాళ్ల దగ్గర చేపలు కొనే ఒక పంతులమ్మ గారి వంశవృక్షం గతంలో మండలే గీసింది. ఆవిడ చెప్పి పంపింది.

"తొంభై ఆరు తుపానులో మా నాన్న వేటకెళ్లి తిరిగి రాలేదండి" అంది వీరదుర్గ. "అప్పటికి నేను కడుపులో ఉన్నాను. అమ్మ కూడా నా చిన్నప్పుడే పోయింది. ఈ దొడ్డమ్మే పెంచింది. నాన్న పేరు లోవరాజు. మా పేట మనిషి కాదండి. ఎగువ నుంచి, పాపికొండల దిగువన ఏదో ఊరి నుంచి వచ్చి పడవల్లో కలిశాడంట. ఆ ఊరి పేరు దొడ్డమ్మకి గుర్తులేదు. ఇప్పుడా ఊళ్లన్నీ పోలవరం డ్యాము కోసం ఖాళీ చేయించేశారు కదా."

"ఇన్నాళ్లకి ఎందుకనిపించిందమ్మా?" అడిగింది సత్యకుమారి.

వీరదుర్గ చంకలో పాపని సర్దుకుంది. "ఇది పుట్టాక మా అత్తగారు దీనికి వాళ్లవైపు పెద్దల పేర్లన్నీ పాటలా చెబుతున్నారండి. నా వైపు చెప్పబోతే నాన్న పేరు దగ్గరే ఆగిపోతున్నాను. ఆయన మొహం ఎలా ఉండేదో కూడా తెలీదు. ఫొటో లేదు."

విష్ణు గారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మేము సంఘం మూసేస్తున్నామమ్మా."

"మూసేది వచ్చే నెలాఖరుకి కదండీ అధ్యక్షులు గారూ" అంది సత్యకుమారి. "ఇవాళైతే తెరిచే ఉంది. కూర్చోమ్మా. మంచినీళ్లు తాగుతావా?"

పెద్దింట్లమ్మకి గుర్తున్న నాలుగు ముక్కల్నీ ఆవిడ గొంతులోనే ఫణిశ్రీ ఫోన్లో రికార్డు చేసి, నిర్వాసితుల కాలనీల్లో తెలిసినవాళ్లందరికీ వాట్సాప్‌లో పంపింది. ఆ వైపు వెళ్లే లారీ డ్రైవర్లకి చినబాబు అదే వినిపించి, ఆగిన చోటల్లా అడగమన్నాడు. సత్యకుమారి ఫోను చెవికి అతుక్కుపోయింది. పది రోజులు తిరక్కుండానే గోకవరం దగ్గరి కాలనీ నుంచి ఒక ముసలాయన ఫోను చేశాడు. పేరు బుల్లబ్బాయి. ఒకప్పుడు గోదారి మీద నాటు పడవ నడిపాడు. ఆయన కొడుకు పేరు లోవరాజే. సముద్రం మీద సంపాదిస్తానని వెళ్లి మళ్లీ ఇంటి మొహం చూడలేదు.

ఇద్దరి నోట వినందే దొరికిందనే మాట అనకూడదని భాస్కరం గారు చెప్పేవారు. సత్యకుమారికి తెలుసు. కానీ అవతల ముసలి గొంతు వణుకుతోంది. ఆ వణుకు వినేసరికి ఆవిడ నోరు ఆగలేదు.

"బుల్లబ్బాయి గారూ, మీ మనవరాలు దొరికిందండి. ముని మనవరాలు కూడా" అనేసింది.

ఆ ఆదివారం వీరదుర్గనీ పెద్దింట్లమ్మనీ తీసుకుని కాలనీకి వెళితే, ఇంటి ముందు ముగ్గు, లోపల కోడికూర ఘుమఘుమ, వాకిట్లో చుట్టుపక్కల వాళ్లంతా. బుల్లబ్బాయి కొత్త పంచె కట్టుకున్నాడు. పాపని ఒళ్లోకి తీసుకుని, ఏడుస్తూ నవ్వుతూ కొడుకు ముచ్చట్లు మొదలుపెట్టాడు. వీరదుర్గ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఒక్క మాటా పోనీకుండా వింటోంది.

"మావోడిది పుర్రచెయ్యమ్మా" అన్నాడు. "ఎడంచేత్తో వల విసురుతుంటే రేవు రేవంతా నవ్వేది. వాడు మాత్రం..."

పెద్దింట్లమ్మ తల ఎత్తింది. "పుర్రచెయ్యా?" అంది నెమ్మదిగా. "మా మరిదిది కుడిచెయ్యేనండీ."

ఇంకో రెండు మాటలు అడిగేసరికి సంగతి తేటతెల్లమైంది. బుల్లబ్బాయి కొడుకు ఇల్లు విడిచింది తుపాను వెళ్లిన తర్వాత. ఈ లోవరాజు వేరు, ఆ లోవరాజు వేరు. సత్యకుమారికి భూమి చీలితే బాగుండుననిపించింది. బుల్లబ్బాయి ఒళ్లో పాపని చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత లేచి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"సర్లెండి. కూర చల్లారిపోతోంది. అన్నాలు తిని వెళ్లండి."

తిన్నారు. తినకపోతే ఆయన ఒప్పుకోలేదు. తిరుగు బస్సులో సత్యకుమారి కిటికీ వైపు తిరిగి కళ్లు ఒత్తుకుంటుంటే, ఓదార్చవలసిన మనిషినే వీరదుర్గ ఓదార్చాల్సి వచ్చింది. "పోనీలెండి అమ్మగారూ. ఒక్క పూటైనా మా పాప తాత ఒళ్లో కూర్చుంది" అంది ఆ పిల్ల.

మర్నాడు సత్యకుమారి తిన్నగా విష్ణు గారింటికి వెళ్లింది. "మీరు చెప్పిందే నిజమండి. మూసేద్దాం. ఒక ముసలాయన పుండు మీద కారం చల్లి వచ్చాను" అని జరిగిందంతా చెప్పింది.

విష్ణు గారు కోప్పడతారనుకుంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మూసేద్దామన్నది గది లేక. తప్పు చేసి మూసేస్తే దాన్ని పారిపోవడమంటారండి" అన్నాడు. "ముందు ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి క్షమించమందాం. నేనూ వస్తాను."

ఆయన పాత మారుతి కారులో ఇద్దరూ మళ్లీ గోకవరం దారి పట్టారు. వీళ్లు నోరు తెరవకముందే బుల్లబ్బాయి మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"మీరొస్తారని అనుకుంటూనే ఉన్నానండి. ఆవేళ నా దుఃఖంలో నాకు తట్టలేదు గానీ, మీరు వెళ్లాక గుర్తొచ్చింది. మా ఊరికి ఎదురొడ్డున ఇంకో లోవరాజు ఉండేవాడు. పడవల వాళ్ల పిల్లడే. వాళ్లక్క పోశమ్మ. అవతలి ఒడ్డు వాళ్లందరికీ జంగారెడ్డిగూడెం వైపు కాలనీలిచ్చారు. మా చుట్టాల్ని అడిగి ఆవిడ ఉందని కనుక్కున్నాను." ఆయన ఇద్దరి వైపూ చూసి అడిగాడు, "మరి నా కొడుకు సంగతి కూడా వెతుకుతారాండీ? లేకపోతే మీ సంఘం మూసేస్తున్నారంటగా?"

సత్యకుమారి విష్ణు గారి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తూ, "మూయడం లేదండి" అన్నాడు.

ఈసారి సత్యకుమారి తొందరపడలేదు. వీరదుర్గకి మాటైనా చెప్పకుండా ఒక్కతే పోశమ్మ దగ్గరికి వెళ్లింది. మీ తమ్ముడి గురించి చెప్పమ్మా అని, తను నోరు మెదపకుండా కూర్చుంది. పోశమ్మ చాలా చెప్పింది. మధ్యలో ఒక మాట: "సముద్రం చేప నోట పెట్టేవాడు కాదండి. గోదారి నీళ్లు తాగిన నోటికి అది ఎక్కదనేవాడు. అలాంటోడు సముద్రం మీదికే పోయాడు." బయటికొచ్చి సత్యకుమారి పెద్దింట్లమ్మకి ఫోన్ చేసి, మీ మరిది తిండి సంగతేమైనా గుర్తుందా అని మాత్రమే అడిగింది. అవతల నుంచి పెద్ద నవ్వు. "ఏం చెప్పమంటారండీ! వలనిండా చేపలు తెచ్చి చారన్నం తినేవాడు. మా చెల్లి తిట్టిపోసేది."

అప్పుడు గానీ సత్యకుమారి లోపలికి వెళ్లి అసలు సంగతి చెప్పలేదు. పోశమ్మ నమ్మలేనట్టు చూసి, గోడకి చేరగిలబడి, "వాడికో కూతురా?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

వీరదుర్గ వచ్చిన రోజు పోశమ్మ ఆమె గడ్డం పట్టుకుని, "ఏదీ, ఒకసారి నవ్వవే" అంది. నవ్వమంటే ఏడుపొచ్చింది ఆ పిల్లకి. ఇంతలో గుమ్మంలో ఒకాయన వచ్చి నిలబడ్డాడు, బిడియంగా, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు.

"మా ఆఖరి తమ్ముడు. నీకు బాబాయి" అంది పోశమ్మ. "వీడిదీ మీ నాన్నదీ ఒకటే అచ్చు."

వీరదుర్గ లేచి ఆయన ఎదురుగా వెళ్లి నిలబడింది. చాలాసేపు అలా చూస్తూనే ఉంది. ఆయనా కదల్లేదు, చూసుకోనిచ్చాడు.

"నాన్న ఇలాగే ఉండేవాడా అత్తా?"

"ఇంకాస్త నలుపు. చెవులు మాత్రం ఇవే" అంది పోశమ్మ.

తర్వాత పోశమ్మ పాపని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, తండ్రి పేరు, తాత పేరు, ఆయన్ని కన్న తల్లి పేరు, ఆవిడ పుట్టిన లంక పేరు చెప్పుకుంటూ పోయింది. తనకి అందనిచోట పక్కింటి ముసలమ్మ అందుకుంది. వెంట వచ్చిన ఫణిశ్రీ అంతా రికార్డు చేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ మూగి, "మావీ రాసుకోండమ్మా. ఊరు పోయింది, పేర్లన్నా ఉండనీండి" అన్నారు.

ప్రెస్సు మేడ పడగొట్టేశారు. చినబాబు కుర్చీలు ఇప్పుడు విష్ణు గారి వసారాలో ఉన్నాయి. పాత ఫొటోలు ఎక్కించే స్కానరు ఫణిశ్రీ ఇంటికి చేరింది. సమావేశం మాత్రం ఒకచోట కాదు. ఎవరి వంశవృక్షం పని నడుస్తుంటే వాళ్లింట్లో పెడుతున్నారు. వచ్చినవాళ్లకి ఆ ఇంటివాళ్లే కాఫీలు, ఆ ఇంటి ఫొటోలే ముందు. మేడ మెట్లెక్కే బాధ లేకపోయేసరికి, మానేసినవాళ్లు కొందరు తిరిగొచ్చారు కూడా. పోశమ్మ వాళ్ల కాలనీలో ఆడవాళ్లు తమలో తామే ఒక జట్టు కట్టుకుని, ఎవరెవరు ఏ కాలనీకి చెదిరిపోయారో ఫోన్లలో పోగుచేసి పంపుతున్నారు.

షరతు ప్రకారం వీరదుర్గ ఇప్పుడు ఇంకో ఇంటి పని చెయ్యాలి. ఎవరిదని ఎవరూ అడగలేదు. కాకినాడ నుంచి వేటకెళ్లే పడవలు విశాఖ రేవుకీ, అటు బందరుకీ పోతుంటాయి. ఆ పడవలవాళ్లందరికీ బుల్లబ్బాయి కొడుకు ఆనవాళ్లు చెప్పి పంపిస్తోంది. ఇంతవరకూ కబురు లేదు. ఉన్నాడో లేడో కూడా తెలీదు. బుల్లబ్బాయికి ఆ మాట దాచకుండానే చెప్పారు.

మొన్నటి సమావేశం ఆయనింట్లోనే జరిగింది. పాపకి నడక వచ్చింది. వాకిట్లో కోళ్లని తరుముతోంది. సన్నగా జల్లు మొదలైతే అందరూ చాపలు లోపలికి లాక్కున్నారు. బుల్లబ్బాయి గోదారి మీద తన పడవ ముచ్చట్లు ఎత్తుకున్నాడు. వింటూ వింటూ సత్యకుమారి గోడకి చేరగిలబడి కునుకు తీసింది. ఎవరూ లేపలేదు. పెద్దింట్లమ్మ తన పైట కొంగుతో ఆవిడకి ఈగలు తోలుతూ కూర్చుంది.