గంగారాం కాక ఫీల్డు బుక్కు

పసుపురంగు ప్లాస్టిక్ పెట్టె మూత తీయగానే వేడెక్కిన స్పాంజి వాసన గుప్పుమంది. పొద్దుటి నుంచి జీపు వెనకాల ఎండలో మగ్గిన పెట్టె. లోపల లెవెల్ పరికరం, పక్క అరలో లెన్సు తుడిచే గుడ్డ. సైట్లో నాతో ఉన్న ఇద్దరు జూనియర్ ఇంజనీర్లకు అది వట్టి ప్లాస్టిక్ కంపు. నాకు మాత్రం ఆ వాసన తగిలిందంటే మళ్ళీ పదహారేళ్ళు వస్తాయి. దోహాలో ఒక కాలేజీ పార్కింగ్ స్థలం, కళ్ళు చెదిరే తెల్లటి ఎండ, ముప్పై మీటర్ల అవతల పొడవాటి కర్ర నిటారుగా పట్టుకుని నిలబడ్డ బక్కపలచటి మనిషి కనిపిస్తారు. ఆయన పేరు గంగారాం. ఇన్నేళ్ళుగా ఆయన గురించి ఎవరికీ చెప్పలేదు. చెబితే నా గురించి కూడా చెప్పాల్సి వస్తుంది, అందుకని.

అప్పట్లో దోహా అంతా ప్రపంచకప్పు కోసం తవ్వకాల్లో ఉండేది. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. నాన్న ఒక స్టేడియం డ్రైనేజీ పనుల్లో ఇంజనీరు. అమ్మ తమ్ముడి చదువు కోసం కాకినాడలోనే ఉండిపోయింది. అల్ ముంతజాలో రెండు గదుల ఫ్లాటులో నాన్నా నేనూ ఉండేవాళ్ళం. పదో తరగతి అయ్యాక నన్ను అక్కడికి రప్పించడానికి కారణం ఒకటే. నేను చేరిన అమెరికన్ సిలబస్ బడిలో పదకొండు, పన్నెండు తరగతులు చదువుతూనే, వారానికి రెండు మధ్యాహ్నాలు కాలేజీకి వెళ్ళి అక్కడి సబ్జెక్టులు కూడా చదవచ్చు. ఒక్కోటి పాసైతే మూడేసి క్రెడిట్లు. తర్వాత డిగ్రీలో చేరినప్పుడు అవి లెక్కలోకి వస్తాయి. "రెండేళ్ళలో ఎనిమిది సబ్జెక్టులు లాగేశావనుకో, డిగ్రీలో ఏడాది కలిసొచ్చేస్తాదమ్మా" అనేవారు నాన్న. స్టేడియం పూర్తయిననాడు తన ఉద్యోగమూ పూర్తవుతుందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆ ఏడాది మా ఇంటికి అంత అవసరం. ఒక్క సబ్జెక్టు తప్పినా ఈ ఏర్పాటులోంచి తీసేస్తామని ఫారం మొదటి పేజీలోనే రాసి ఉంది.

వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, నా బతుకు రెంటికీ చెడ్డ రేవడి అయింది. నేను కాలేజీలో ఉన్న మధ్యాహ్నాలే బడిలో పిల్లలు స్నేహాలు కలుపుకునేవారు. మర్నాడు వెళితే వాళ్ళు నవ్వుకునే సంగతులేవీ నాకు తెలిసేవి కావు. కాలేజీలో అందరూ ఇరవై దాటినవాళ్ళు. మైనర్లకిచ్చే ఆకుపచ్చ పట్టీ నా మెడలో చూసి, చిన్నపిల్లను చూసినట్టు నవ్వి పక్కకు వెళ్ళిపోయేవారు. మధ్యాహ్నం అన్నం బడి నుంచి కాలేజీకి తీసుకెళ్ళే వ్యానులోనే. ఒక రాత్రి నాన్న ఇంటికొచ్చి "తిన్నావా?" అని అడిగితే జవాబు చెప్పబోతే గొంతు పెగల్లేదు. పొద్దుటి నుంచి నేను ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది.

రెండో సెమిస్టరులో సర్వేయింగ్ తీసుకున్నాను. నేల ఎత్తుపల్లాలు కొలిచే చదువు అది. ఒకరు పరికరంలోంచి చూడాలి, ఇంకొకరు దూరంగా అంకెలు వేసిన కర్రను నిలబెట్టాలి. ఆ కర్రను స్టాఫ్ అంటారు. ఒక్కరు చేయగల పని కాదు. మొదటి రోజే క్లాసంతా జంటలైపోయింది, మిగిలింది నేను. పైగా మైనరును కాబట్టి పరికరం తీసుకోవడానికి నా సంతకం చెల్లదట. లాబ్ కౌంటరు ముందు రిజిస్టరు పట్టుకుని నిలబడి, ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో పైకే "ఇప్పుడెలాగరా దేవుడా" అన్నాను.

కౌంటరు వెనక పెట్టెలు తుడుస్తున్న మనిషి తలెత్తారు.

"తెలుగు పిల్లవా! ఏ ఊరు బిడ్డా?"

"కాకినాడండీ. మీరూ తెలుగువాళ్ళా అంకుల్?"

"మాది ఆర్మూర్ దిక్కు. అంకుల్ గింకుల్ వద్దు, కాకా అను." రిజిస్టరు తన వైపు తిప్పుకుని నా పేరు కింద సంతకం పెట్టారు. "నడువ్, యల్లా. స్టాఫ్ నేను పట్టుకుంట."

ఏడో తరగతితో చదువాపేసి, ఇరవై ఏళ్ళకు ఖతార్ వచ్చిన మనిషి ఆయన. దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో పాత ఇళ్ళు కూలగొట్టి పునాదులు తవ్వుతున్నప్పుడు ఆ గోతుల్లో సర్వేయర్ల వెనక ఏళ్ళ తరబడి స్టాఫ్ పట్టుకున్నారు. పట్టుకుంటూ పట్టుకుంటూ పరికరం పనంతా నేర్చేశారు. తర్వాత ఆయన కంపెనీ ఈ కాలేజీ లాబులో సామాను చూసుకోవడానికి పంపింది. మా క్లాసులో ఎవరికీ ఆయనకు తెలిసినంత తెలియదు. అయినా అక్కడ ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పనివాళ్ళందర్నీ పిలిచినట్టే "రఫీక్" అనేవారు. ఆయన ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఆరుగురుండే గదిలో ఉండేవారు. ఆ ఆరుగురివీ ఆరు షిఫ్టులట. గదిలో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రలోనే ఉంటారట, మాట్లాడడానికి మనిషి దొరకడట.

కొలతలు అక్కడికక్కడే రాసుకునే ఫీల్డు బుక్కులో మొదటి రీడింగే తప్పు రాశాను. జేబులోంచి రబ్బరు తీశాను. అంత దూరం నుంచి ఎలా చూశారో, స్టాఫ్ భుజాన వేసుకుని నడిచొచ్చి అరచేయి చాపారు.

"గా రబ్బరు ఇటియ్యి."

ఇచ్చాను. ఆ రబ్బరు మళ్ళీ నా చేతికి రాలేదు.

"ఫీల్డు బుక్కుల తుడుసుడు ఉండది బిడ్డా. ఒక్క గీత కొట్టు, పక్కన సరైంది రాయి. కొట్టేసింది గూడ కనవడాలె. నువ్వు ఏడ తప్పినవో రేపు సూసెటోనికి ఎర్క కావాలె."

ఇంకోరోజు దుమ్ముగాలి లేచి పని అరగంట ఆగింది. పని ఆగినా రాయాలట, ఎన్ని గంటలకు ఆగిందో, ఎందుకు ఆగిందో. 'గాలికి పరికరం కదిలింది' అని గబగబా రాశాను. ఆయన తొంగిచూశారు.

"కదిలింది నువ్వు సూసినవా?"

"లేదు కాకా. అంకె మారింది కదా అని..."

"గట్లయితె కదిలింది కావచ్చు అని రాయి. ఎర్క లేనిది ఎర్కున్నట్టు రాయొద్దు."

వ్యానులో అన్నం తింటున్నానని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఒక మధ్యాహ్నం వ్యాను తలుపు దగ్గరకొచ్చి, "ఒక్కదానివే తింటె పెయ్యికి పట్టది, రా" అని లాబ్ మెట్ల మీదికి తీసుకెళ్ళారు. గదిలో ఆ వారం వంట వంతు ఆయనదట. కోడిగుడ్డు పులుసు కారంతో మండిపోతోంది. ముక్కు ఎగబీలుస్తూ తిన్నాను. ఆ తర్వాత వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున, నాకు మాట్లాడే మనిషి దొరికారు. ఆ పావుగంట కోసం మిగతా వారమంతా గడిపేదాన్ని. ఆయనకు ఎత్తులు కొలవడం తప్ప వేరే కబుర్లు తెలియవు. ఏ గల్లీ పల్లంలో ఉందో, వానొస్తే నీళ్ళు ఎవరి గుమ్మంలోకి వస్తాయో చెప్పేవారు. దోహా మొత్తం ఆయన అరచేతిలో ఉండేది.

సెమిస్టరు చివర ఫీల్డు పరీక్ష. గేటు దగ్గర ఎత్తు గుర్తుగా నేలలో పాతిన ఇత్తడి గుబ్బ నుంచి మొదలుపెట్టి కాలేజీ చుట్టూ కొలుచుకుంటూ మళ్ళీ ఆ గుబ్బ దగ్గరికే రావాలి. బయల్దేరిన అంకె, తిరిగొచ్చిన అంకె ఒకటే కావాలి. పది మిల్లీమీటర్ల తేడా దాకా ఒప్పుకుంటారు. స్టాఫ్ కాక పట్టుకున్నారు. మూడు గంటల ఎండ, చెమట చుక్కలు పడి పేజీలు ఉబ్బిపోయాయి, నాలుగు చోట్ల కొట్టివేతలు. చివరి లెక్క వేస్తే తేడా నాలుగు మిల్లీమీటర్లు. కాక స్టాఫ్ నేలకానించి, "శభాష్. పదేండ్ల సర్వేయరుకు గూడ గింత మంచిగ రాదు" అన్నారు. ఖతార్‌లో నేను నవ్విన రోజుల్లో అదొకటి.

ఇంటికెళ్ళి ఆ బుక్కు చూసుకుంటే సిగ్గేసింది. కాకినాడలో నా రికార్డు పుస్తకాలు పక్క సెక్షన్ల వాళ్ళకు చూపించేవారు. రఫ్ వేరు, ఫెయిర్ వేరు. రఫ్ మనకోసం, ఫెయిర్ మేష్టారికోసం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాకు తెలిసిన చదువు అదే. కొత్త ఫీల్డు బుక్కు తీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎర్రసిరా గీతలతో, ఒక్క కొట్టివేత లేకుండా అంతా తిరగరాశాను. ఒక్క అంకె మార్చలేదు. ఆ మాసిన పేజీలను చింపి చెత్తలో వేశాను. చింపుతూ ఎంత తృప్తిపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

ప్రొఫెసరు గారు మెల్లగా మాట్లాడే మనిషి. బుక్కు రెండు పేజీలు తిప్పి మూసేశారు. ఇది ఎండలో రాసింది కాదు, అసలు బుక్కు ఏదని అడిగారు. పారేశానని చెప్పాను. అసలు లేని బుక్కు దొంగ బుక్కు కిందే లెక్క, దీనికి సున్నా తప్ప ఇవ్వలేనన్నారు. పరీక్షలో సున్నా అంటే సబ్జెక్టు పోయినట్టే. "గంగారాం గారిని అడగండి, ఆయన నాతోనే ఉన్నారు" అన్నాను. పిలిపించారు. ఈ అమ్మాయి ఆ రోజు రాసిన బుక్కు ఇదేనా అని ఆయన్ని అడిగారు. ఒక్క 'యెస్' చాలు. కాక ఆ పేజీలను చాలాసేపు చూశారు.

"నో సర్. దిస్ నాట్ సైట్ బుక్. నంబర్స్, ఐ థింక్ కరెక్ట్. బట్ దిస్ నాట్ సైట్ బుక్."

బయటికొచ్చాక వరండాలో నా వెనకే వచ్చారు. "నేను అబద్ధమాడితె నీ లెక్కలు గూడ అబద్ధమైతయ్ బిడ్డా. గవి మంచి లెక్కలు" అన్నారు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను జారాను. "ఏడో తరగతి చదివి స్టాఫ్ పట్టుకునేవాళ్ళకి క్రెడిట్ల విలువ ఏం తెలుస్తుందండీ?" అన్నాను. ఆ 'అండీ'లో ఎంత విషం పెట్టానో నాకు తెలుసు. ఆయన "నిజమే బిడ్డా" అని, లోపలికెళ్ళి ట్రైపాడ్ పట్టీ చుట్టడం మొదలుపెట్టారు.

రెండు రోజుల తర్వాత ప్రొఫెసరు గారి నుంచి మెయిల్ వచ్చింది. లాబ్ సహాయకుడు అడిగినందువల్ల మరొక్క అవకాశం ఇస్తున్నానని, శుక్రవారం పొద్దున ఆరింటికి మళ్ళీ కొలవవచ్చని, ఆయన తన సెలవు రోజున వచ్చి స్టాఫ్ పట్టుకుంటారని. చదివి మూసేశాను. ఆయన చలవతో వచ్చే క్రెడిట్లు నాకక్కర్లేదనుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ శుక్రవారం నాన్న సైటుకు వెళ్ళారు. నేను మంచం మీద మెలకువగా పడుకుని, గడియారం ఆరు దాటడం, ఏడు దాటడం చూశాను. టాక్సీ ఎక్కితే ఇరవై నిమిషాల దూరం. లేవలేదు.

సబ్జెక్టు పోయింది, ఏర్పాటులోంచి నన్ను తీసేశారు, కలిసిరావాల్సిన ఏడాది పోయింది. "ఆ ప్రొఫెసరు మరీ మొండోడమ్మా, నువ్వేం చేస్తావులే" అని నాన్న నన్నే ఓదార్చారు. రెండో అవకాశం ఇచ్చారన్న సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

సామాను అప్పజెప్పడానికి నెల తర్వాత లాబుకు వెళ్ళక తప్పలేదు. హెల్మెట్టు, బూట్లు, ఆకుపచ్చ పట్టీ కౌంటరు మీద పెట్టి, తల వంచుకునే ఉన్నాను. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వచ్చాను. తలెత్తితే కాక లేరు. కొత్త మనిషి, నేపాలీ అతను. గంగారాంను కంపెనీ ఎక్కడో రోడ్డు పనులకు మార్చిందని హిందీలో చెప్పాడు. ఫోన్ నంబరు అతనికి తెలియదు. నేనూ ఏనాడూ అడిగి తీసుకోలేదు. "ఇస్ పే ఆప్ కా నామ్ హై", దీని మీద మీ పేరుంది అంటూ అరలోంచి ఒక ఫీల్డు బుక్కు తీసి నా చేతిలో పెట్టాడు.

నాన్న స్టేడియం పూర్తయింది, మేం వచ్చేశాం, నేను నాలుగేళ్ళూ నిండుగా చదివే ఇంజనీరునయ్యాను. ఆర్మూరు వైపు మనుషులు ఎక్కడ కలిసినా గంగారాం అని అడుగుతాను. ఊరికి పదిమంది గంగారాంలు అని నవ్వుతారు. జూనియర్లు శుభ్రమైన బుక్కు తెస్తే తీసుకోను, మాసిందే తెమ్మంటాను. మేడమ్‌కు చాదస్తమని వాళ్ళు వెనకాల అనుకోవడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. ఆ రోజు లాబులో ఇచ్చిన బుక్కు మాత్రం ఈ పసుపు పెట్టెలో, లెన్సు గుడ్డ కింద, నాతోపాటు ప్రతి సైటుకూ వస్తుంది.

అందులో రాసింది ఒక్క పేజీనే. పైన తారీకు, శుక్రవారం. పరికరం నంబరు. కొలిచేవారు అన్నచోట వంకర ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు. స్టాఫ్ అన్నచోట ఆయన పేరు. రీడింగుల గళ్ళన్నీ ఖాళీ. పక్కన వరసగా టైములు: ఆరు, రెడీ. ఏడు, రాలేదు. ఎనిమిది, రాలేదు. తొమ్మిదిన్నర, ఎండ ఎక్కింది, పని బంద్. పని ఎందుకు ఆగిందో రాయాల్సిన చివరి గడిలో మాత్రం తెలుగులో రాశారు. నేనన్న మాట ఆయనకు గుర్తులేక కాదు. అయినా అక్కడ ఉన్నది ఇదే:

'బిడ్డకు పానం బాగ లేదు కావచ్చు.'