మొలల ఆపరేషన్, పిల్లల నాటకం

నాకు మొలల ఆపరేషన్ అయిన పన్నెండో రోజున మా బడి పిల్లలు మా ఊళ్ళోని మిడిల్ పాయింట్‌లో ఒక హాల్లో జరిగే బడుల నాటక పోటీలో తెలుగు నాటకం వెయ్యాలి. రాసింది నేను, నేర్పిస్తున్నది నేను. ఆ పోటీకి అన్ని భాషల నాటకాలూ వస్తాయి గాని, మా బడి నుంచి తెలుగు నాటకం వెళ్ళడం అదే మొదలు. తేదీ తెలియగానే ఆపరేషన్ వాయిదా వేయమని డాక్టరుగారిని బతిమాలుకున్నాను.

"ఇన్నాళ్ళుగా రక్తం పోతోంది మేడమ్. ఇంకా ఆగితే ఆ హాలు మెట్లెక్కే ఓపిక కూడా ఉండదు మీకు" అన్నారాయన.

నాటకం మా నాయనమ్మ కథ. కొత్త పెళ్ళికూతురిగా శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో ఈ దీవులకు వచ్చిన ఆవిడ, తన రుబ్బురోలు ముందు దించితే గాని తాను దిగనని మొండికేసిందట. పిల్లలకు ఆ కథ ఎంత నచ్చిందో! వాళ్ళు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు గాని, చదవమంటే తడుముకుంటారు. అందుకని నేను చెబుతుంటే మాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకున్నారు. ఇక మిగిలింది రిహార్సల్సే అనుకుంటుండగా నేను ఆసుపత్రి మంచమెక్కాను.

మూడో రోజు ఆస్టినాబాద్‌లోని ఇంటికి వచ్చేశాను. కోత నొప్పి ఎలాగూ ఉంటుందని తెలుసు. కడుపు అంత అల్లరి పెడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నొప్పి బిళ్ళలకు మలబద్ధకం, దానికి తోడు గ్యాసు. కడుపు బిగిసి డప్పులా ఉండేది. గాలి పోవాలన్నా భయమే. అక్కడ కుట్లు తెగిపోతాయేమోనని పిరుదులు బిగబట్టుకుని, చెమటలు కక్కుతూ పక్కకి తిరిగి పడుకునేదాన్ని. తింటేనే కదా ఈ బాధ అనుకుని తిండి మానేశాను. రెండు పూటలూ నాలుగు చెంచాల గంజి, అంతే.

"ఏటే, మళ్ళీ వదిలీసావా? తినకపోతే పుండెలా మానతాది?" అని మా ఆయన గిన్నె పట్టుకుని మంచం పక్కనే నిలబడేవాడు. హార్బర్లో పడవల ఇంజన్లు బాగుచేసే మనిషి. నా కోసం వారం రోజులు సెలవు పెట్టాడు. మా వీధిలో నల్లా నీళ్ళు మూడు రోజులకోసారి వస్తాయి. పట్టి ఉంచిన డ్రమ్ముల్లోంచే నీళ్ళు కాచి, రోజుకు మూడుసార్లు నేను కూర్చోడానికి టబ్బులో గోరువెచ్చగా పోసేవాడు. ఆ టబ్బులో కూర్చున్న పావుగంటే నాకు స్వర్గం.

నీళ్ళు అయిపోతాయన్న బెంగతో, మాటిమాటికీ లేవాల్సొస్తుందన్న భయంతో, నేను మాత్రం గుక్కెడు నీళ్ళతోనే సరిపెట్టుకునేదాన్ని. అయిదో రోజుకీ విరేచనం కాలేదు. నాటకానికి ఇంక వారమే. కంగారెత్తి, విరేచనం సాఫీగా కావడానికి ఇచ్చిన ఇసబ్‌గోల్ ఒక చెంచాకు బదులు మూడు చెంచాలు, అరగ్లాసు నీళ్ళలో కలుపుకుని మింగేశాను. గంట తిరిగేసరికి కడుపు ఇంకా ఉబ్బింది. మా ఆయన హడలిపోయి ప్రహరీ దగ్గరికి పరిగెత్తి పక్కింటి దీదీని పిలిచాడు. ఆవిడది బెంగాలీ కుటుంబం. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయిన మనిషి.

ఆవిడ వచ్చి కడుపు మీద చెయ్యి వేసి చూసి, "పానీ కిత్‌నా పియా?" అని అడిగింది.

నీళ్ళు అరగ్లాసే తాగానన్నాను.

"హాయ్ రామ్! నీళ్ళు లేని ఇసబ్‌గోల్ లోపల సిమెంటయిపోతాది టీచర్జీ!" అంది. మాతో మాట్లాడీ మాట్లాడీ ఆవిడకు మా తెలుగు వచ్చేసింది. వెంటనే డాక్టరుగారికి ఫోను చేయించింది. ఆయన ఒక చెంచా మించకూడదన్నారు. నీళ్ళు బాగా తాగమన్నారు, ఇంట్లో మెల్లగా నడవమన్నారు. రాసిచ్చిన సిరప్ మానొద్దన్నారు. వాంతులు గాని, జ్వరం గాని, ఎక్కువ రక్తం గాని కనిపిస్తే నేరుగా ఆసుపత్రికి రమ్మన్నారు.

అవేవీ లేవు. దీదీ నా చేత రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు తాగించి, చెయ్యి పట్టుకుని వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా నడిపించింది. "గాలిని ఆపకు. గాలి బయటికొస్తే కుట్లు తెగవు. ఆపితేనే బాధ" అని మరీ మరీ చెప్పింది.

సాయంత్రం రిహార్సల్ ఫోనులో జరిగింది. బడిలో తోటి టీచరు ఒకామె పిల్లల్ని పోగుచేసి ఫోను స్పీకర్లో పెట్టింది. నేను ఎడమ పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని, ఫోను దిండు మీద పెట్టుకుని వింటున్నాను. ఓడ రేవుకు చేరే ఘట్టం వచ్చింది. ఒక పిల్లాడు నోటితో హారన్ కొట్టాలి. అందరూ దానికోసం ఆగారు. సరిగ్గా ఆ క్షణాన, రెండు రోజులుగా నన్ను చంపుకుతిన్న గాలి, నా అనుమతి అడక్కుండా, దీర్ఘంగా, గంభీరంగా బయటికొచ్చింది.

అవతలి నుంచి హారన్ పిల్లాడి గొంతు వినిపించింది.

"మిస్! ఈసారి హారన్ సూపర్‌గా వచ్చింది! కిస్‌నే బజాయా? నేనింకా కొట్టలేదు మిస్!"

నేను ఫోను దిండు కింద దూర్చేసి నవ్వాను. నవ్వితే కుట్లు లాగుతున్నాయి. లాగుతుంటే అమ్మో అంటున్నాను, అంటూనే నవ్వుతున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ కన్నీళ్ళు నవ్వుకో, ఊరట కలిగో నాకు తెలీదు. కడుపు మెత్తబడింది. రెండు రోజుల గంజి తర్వాత ఆ సాయంత్రం పెరుగన్నం అడిగి పెట్టించుకున్నాను.

మర్నాడు పొద్దున్న అసలు పరీక్ష. పాదాల కింద చిన్న పీట వేసుకోమని, ముక్కొద్దని, నోరు తెరిచి మెల్లగా ఊపిరి వదలమని దీదీ చెప్పి పంపింది. గాజు ముక్కలు దిగుతాయనుకున్నాను. మంట పుట్టింది, నిజమే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాని నేను ఊహించుకున్న నరకంలో నాలుగో వంతు కూడా లేదు.

"అయ్యిందేటి?" అన్నాడు మా ఆయన తలుపవతల నుంచి.

"అయిందండీ!" అని అరిచాను. అంత గట్టిగా ఎందుకు అరిచానో!

ఆ మనిషి ఆనందం పట్టలేక పెరట్లోకి పరిగెత్తి, ప్రహరీ మీంచి "దీదీ, హో గయా! హో గయా!" అని కేకేశాడు. వీధిలో సగం మంది విన్నారు. సిగ్గుతో చచ్చిపోవలసిందే గాని, టబ్బులో కూర్చున్నాక నాకు ఒకటే తోచింది: నాటకానికి వెళ్తున్నాను!

ఆ తర్వాత రోజులు చకచకా దొర్లాయి. బొప్పాయి ముక్కలు, కూరలు, పలచటి మజ్జిగ, గంటకో గ్లాసు నీళ్ళు. మధ్యలో ఒకరోజు నోరు కట్టుకోలేక బఠాణీల చాట్ తిని మళ్ళీ ఉబ్బి, దీదీ చేత చీవాట్లు తిన్నాను. ఎక్కువసేపు కూర్చోకూడదు, బరువులెత్తకూడదు అన్న షరతుల మీద డాక్టరుగారు ఒప్పుకున్నారు.

పన్నెండో రోజు మా ఆయన స్నేహితుడి కారు తెచ్చాడు. వెనక సీట్లో ఒత్తిగిలి పడుకున్నాను. డెలానీపూర్ ఎత్తు ఎక్కి దిగేటప్పుడు ప్రతి గతుకూ నాకు తెలిసింది. అయినా పెదాల మీద నాటకం మాటలే ఆడుతున్నాయి. హాల్లో కుర్చీ చూపించారు, నేను తెర పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఓడ వచ్చింది. రేవులో పనివాళ్ళు అరిచారు. నాయనమ్మ వేషం వేసిన ఎనిమిదో క్లాసు పిల్ల మెట్టు మీద నిలబడి నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది. మాట మర్చిపోయింది! నేను అందించబోయాను. ఇంతలో ఆ పిల్ల నడుము మీద చేతులు వేసుకుని, "రోలు దించకపోతే మై నహీ ఉతరూంగీ! ఏటి చూస్తారు, ముందు రోలు దించండి!" అంది.

హాలు దద్దరిల్లింది. తెలుగు రానివాళ్ళు కూడా లేచి చప్పట్లు కొట్టారు. నేను రాసిన వాక్యం అంతకన్నా చప్పగా ఉందని అప్పుడే అర్థమైంది.

రెండో బహుమతి వచ్చింది. పిల్లలంతా నా మీదికి ఉరికారు. "ఆగండర్రా, నెమ్మది, నెమ్మది!" అంటూ మా ఆయన నా ముందు చేతులు చాచి నిలబడ్డాడు. ఆయన చేతుల మీంచే పిల్లలు ఒక్కొక్కరూ నా చెయ్యి అందుకుని ఊపేస్తుంటే, నేను సంతోషంతో వాళ్ళకన్నా గట్టిగా అరుస్తున్నాను.