ఏడిళ్లకు వెళ్లిన మాంసం

బెళుగుప్ప దగ్గర రోడ్డు పక్కన రేకుల కొట్టంలో జమాల్ సాబ్ ప్రతి ఆదివారం గొర్రెల్ని కోసి మాంసం అమ్ముతాడు. కొట్టం వెనక తలకాయలు, కాళ్లు మంట మీద కాల్చి గీకడం, పేగులు తిప్పి కడగడం అతని భార్య రంజాన్ బీ పని. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తోంది. ఆమె కడిగిన బోటీని ఇంట్లో మళ్లీ కడగక్కర్లేదని ఊళ్లో పేరు.

ఆ ఆదివారం రెండో గొర్రె కడుపు భాగాన్ని ముందుకు లాక్కున్న ఆమె చేతులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. తిల్లి, అంటే ప్లీహం, మామూలుగా అరచేతిలో ఇమిడిపోతుంది. ఇదేమో మూడింతలు ఉబ్బి, నల్లగా, వేలు పెడితే లోపలికి దిగిపోయేంత మెత్తగా ఉంది. ఆమె పక్కనున్న బేసిన్లవైపు చూసింది. మొదటి గొర్రె నెత్తురు ఎప్పుడో గడ్డకట్టింది. రెండోదాని నెత్తురు ఇంకా నీళ్లలా కదులుతోంది. రంగు కూడా ఎరుపు కాదు, తారు రంగు.

ఆమె నాయన వజ్రకరూరులో పచ్చితోళ్ల వ్యాపారం చేసేవాడు. తోళ్లు భుజాన వేసుకుని మోసేవాడు. ఆమెకు పదేళ్లప్పుడు ఆయన మెడ మీద ఒక పొక్కు లేచింది. రెండు రోజులకు దాని నడిమధ్య బొగ్గులా నల్లబడింది. నొప్పి లేదు గదా, అదే పోతుందిలే అన్నాడాయన. మెడా దవడా ఒకటయ్యేలా వాచి, ఐదో రోజున ఊపిరాడక పోయాడు. "దొమ్మరోగమప్పా. చచ్చిన గొర్రె తోలు నుంచి అంటుకున్యాది" అని ఎవరో అంటుంటే గడపలో నిలబడి విన్నది. చచ్చిన గొర్రె లోపల ఎలా ఉందో కూడా ఆ రోజు వాళ్లు చెప్పుకున్నారు.

రంజాన్ బీ తన ఎడమచెయ్యి చూసుకుంది. పొద్దున కాళ్లు గీకుతుంటే బొటనవేలి పక్కన కత్తి గీసుకుంది. సబ్బు పెట్టి చర్మం మండేదాకా కడుక్కుని కొట్టం ముందుకు వచ్చింది.

"ఏమయ్యా, ఆ రెండో గొర్రె యాడిది?"

"గొర్రెలు మేపే ఆంజనేయులుది. ఏమైంది?"

"బాగుండెనా అది?"

జమాల్ సాబ్ కత్తి ఆపలేదు. "కొంచెం వణుకుతా ఉండె. వానకు తడిసిందనుకుంటి. ఊపిరి ఉన్నప్పుడే కోసినా గదా!"

"వచ్చి తిల్లి చూడు. మా నాయనను తీసుకుపోయిన రోగం ఇది."

అతను వచ్చి చూశాడు. బేసిన్లోని నెత్తురు కూడా చూశాడు. అయినా మొదట అన్న మాట, "మెల్లగా మాట్లాడు. తెలిస్తే మన కొట్టం దిక్కు ఎవురూ రారు."

"దాని మాంసం ఎవరెవరికి ఇచ్చినావు?"

అతను వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఏడిళ్లు.

"నువ్వు పోతావా, నేను పోవల్లనా?"

జమాల్ సాబ్ మాంసం నరికే మొద్దు పక్కనే కూలబడ్డాడు. లేవలేదు. పశువుల ఆస్పత్రికి ఫోన్ చేయమని అతనికి చెప్పి, చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని, మూతున్న బకెట్ తీసుకుని రంజాన్ బీ బయల్దేరింది.

ఐదిళ్లలో మాంసం ఇంకా కవర్లోనే ఉంది. గొణుక్కుంటూ ఇచ్చేశారు. ఆరోది చెన్నమ్మ ఇల్లు. వాకిట్లోకే మసాలా వాసన వచ్చింది.

"చెన్నమ్మక్కా, ఆ కూర తినొద్దండి. గొర్రెకు రోగముండాది."

చెన్నమ్మ గరిటెతోనే బయటికొచ్చింది. "రోగం గొర్రెను మాకు పెడతారా? మీకు మనసెట్లొచ్చె?"

"తెలీక ఇచ్చినాం. తిట్టక్కా, ఎంతన్నా తిట్టు. ముందు సియ్యలు ఎవరు కడిగినారో చెప్పు. వాళ్ల చేతికి గాట్లేమన్నా ఉండాయా?"

చెన్నమ్మ తిట్టడం ఆపి వంటింటివైపు చూసింది. "మా కోడలు కడిగింది. దానికిప్పుడు నాలుగో నెల."

రంజాన్ బీ బకెట్ కింద పెట్టింది. కోడలు సుష్మను పిలిచి, దగ్గరుండి చేతులు మళ్లీ మళ్లీ కడిగించింది. "ఏమైతాదత్తా నాకు?" అని ఆ పిల్ల ఆమెను అడుగుతూ ఏడ్చింది. "ఆస్పత్రికి పోదాం పద" అంది రంజాన్ బీ.

ఏడో ఇంట్లో ముసలి బసప్ప అప్పటికే తిని చెయ్యి కడుక్కుంటున్నాడు.

మధ్యాహ్నానికి ఆంజనేయులు మందలో ఇంకో ఐదు గొర్రెలు ముక్కుల్లోంచి నల్లటి నెత్తురు కారి పడిపోయాయి. పశువుల డాక్టరు ప్రశాంతి వాటి దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. కోయనివ్వలేదు, తోలు ఒలవనివ్వలేదు. చెవి దగ్గర చుక్క నెత్తురు తీసుకుని పరీక్షకు పంపింది. లోతుగా గుంత తవ్వించి, ఆ గొర్రెలనూ, బకెట్లో తెచ్చిన మాంసాన్నీ, నెత్తురు పడిన మట్టినీ సున్నం పోసి పూడ్పించింది.

"ఈ దొమ్మరోగం క్రిమి, ఆంత్రాక్స్, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. కొత్త గడ్డి కోసం గొర్రెలు ఎండిన కుంటలో మట్టితో సహా మేసుంటాయి. టీకాలు వేయించావా?" అని అడిగింది.

ఆంజనేయులు తల దించుకున్నాడు. "టీకాలేసే దినం మందను దూరం తోలుకపోయింటి మేడమ్."

కళ్యాణదుర్గం ఆస్పత్రిలో మాంసం ముట్టుకున్నవాళ్లకూ తిన్నవాళ్లకూ మాత్రలిచ్చారు. మూడో రోజున రంజాన్ బీ బొటనవేలి పక్కన దురద మొదలైంది. తర్వాత పొక్కు. మరునాటికి మధ్యలో నల్లచుక్క. వేలితో నొక్కి చూసింది. నొప్పి లేదు. నొప్పి ఉంటే బాగుండునని ఏడ్చింది.

ఆస్పత్రిలో చేర్చుకుని సూదులు వేశారు. వాపు మోచేతిదాకా పాకింది. ఉదయం కళ్లు తెరవగానే ఆమె కుడిచేత్తో మెడ తడుముకునేది. దవడ తడుముకునేది. మింగి చూసుకునేది. జమాల్ సాబ్ మంచం పక్కనే కూర్చుని, "పోతావా అని నువ్వడిగినప్పుడే నేను లేసింటే..." అని మొదలుపెట్టి, ఆమె దుప్పటి సర్దేవాడు.

"మీ నాన్నగారికి మందు అందలేదు. మీకు అందింది" అన్నాడు డాక్టరు. ఆ మాట నమ్మడానికి ఆమెకు వారం పట్టింది. ఎనిమిదో రోజున వాపు మణికట్టుకు దిగింది. నల్లపొర ఊడి, గుంటపడిన మచ్చ మిగిలేసరికి ఇంకో నెల గడిచింది.

బసప్ప రెండు రోజులు కడుపునొప్పి అన్నాడు గానీ తేరుకున్నాడు. సుష్మకు ఏమీ కాలేదు. కాన్పయి ఆడపిల్ల పుట్టిందని తెలిసేదాకా రంజాన్ బీ చెన్నమ్మ కనబడ్డ ప్రతిసారీ, "కోడలెట్లుండాది?" అని అడిగేది. చెన్నమ్మ జవాబిచ్చేది గానీ ముఖం చూసేది కాదు.

కొట్టం నాలుగు నెలలు మూతపడింది. ఇప్పుడు మళ్లీ తెరిచారు. గొర్రె వణికినా, తల వేలాడేసినా జమాల్ సాబ్ వెనక్కి తోలేస్తాడు. లోపలి భాగాలు రంజాన్ బీ చూసి సరేనన్నాకే మాంసం త్రాసు ఎక్కుతుంది. పేగులు ఇప్పుడూ ఆమే కడుగుతుంది. కానీ కొట్టం వెనక ఒంటరిగా కూర్చోలేకపోతోంది. పీట ముందుకు తెచ్చుకుని, మనుషులు కనిపించేచోట వేసుకుంది.