యల్లక్క పిడికెడు రాగులు

మా అత్తకు బాప్తిస్మంలో ఎస్తేరు అని పేరు పెట్టారట. హిందూపురంలో మా పేటలో మాత్రం అందరికీ ఆమె యల్లక్కే. పుట్టింది పెనుకొండ దగ్గర పల్లెలో. పెళ్ళయి ఇక్కడికి వచ్చినాక చింతపండు మండీలో గింజలు కొట్టే పనికి కుదిరింది. ఎప్పుడు చూసినా వేళ్ళు నల్లగా, పుల్లటి వాసన. మామ పోయినాక ఒక్కగానొక్క కొడుకును ఆ చేతులతోనే పెంచింది. ఆ కొడుకే మా ఇంటాయన, సంజీవప్ప.

మా సంఘంలో ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. తిరగలి ముందర కూర్చోగానే, విసరబోయే రాగుల్లోంచి ముందుగా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తాం. అది ప్రభువుది. ఆదివారం గుడికి తీసుకుపోయి కుమ్మరిస్తాం. మా అత్త ఆ పిడికెడు వేస్తూ కొడుకు పేరు చెప్పి ప్రార్థన చేసేది. అదీ పైకే, పక్కింటికి వినబడేటట్టు.

ఇంతలో యుద్ధం వచ్చింది. మా ఇంటాయన బెంగుళూరు పోయి పటాలంలో చేరాడు. ఓడ ఎక్కించి సింగపూరు పంపించారు. ఆ ఊరు జపానువాళ్ళ చేతికి పోయినాక ఆయన సంగతి తెలియలేదు. బతికినాడని గాని, పోయినాడని గాని చెప్పేవాళ్ళు లేరు.

మొదట్లో అత్త ఉపవాసాలుండి, మోకాళ్ళు కాయలు కాసేదాకా ప్రార్థించింది. తరువాత ఒక పొద్దున రాగులు కుండలో వేసి నోరు మూసుకుంది. మరునాడూ అంతే. గుడిలో పాట కూడా పాడలేదు. నాకు భయం వేసింది.

"అత్తా, ప్రార్థన ఇడిచిపెడితివా?"

"ఆయప్ప నాతో మాట్లాడేది మానుకున్నాడు. నేనొకదాన్నే ఎంతని వాగేది?"

"మరి రాగులు ఏంటికి పెడతాండావు?"

"మీ మామా నేనూ కొట్లాడుకోని మాటల్లేనప్పుడు సంగటి పెట్టకుండా ఉంటినా? మాటల్లేకపోతే కాపురం లేనట్లా?"

ఒక ఏడు వానలు లేక మాకే గంజి గతి అయింది. అయినా ఆ పిడికెడు తప్పలేదు. పక్కింటి రామాంజినమ్మ చూసి, "ఏమక్కా, బదులు పలకనోనికి పెట్టేదేంటికి? మీరన్నా తినండి," అంది.

"నీ మొగుడు బదులు పలుకుతాడా ఏమి? వానికి పూటపూటకూ పెడతాండావే!" అంది అత్త.

రామాంజినమ్మ పడిపడి నవ్వింది. అత్త నవ్వలేదు.

యుద్ధం అయిపోయింది. పోయినవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. మా ఆయన రాలేదు. మా గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి దేవదానం ఇంటికి వచ్చి, "యల్లక్కా, సంజీవప్ప పేరుతో ఆదరణ కూడిక పెట్టుకుందాము. ఈ బిడ్డ ఎన్నాళ్ళని ఇట్లుంటాది?" అన్నాడు.

చావు జరిగిన ఇంట్లో సంఘమంతా కూడి ప్రార్థించేదాన్ని ఆదరణ కూడిక అంటాం. అది జరిపితే ఆయన పోయినాడని మేమే ఒప్పుకున్నట్టు. అత్త నా మొహం చూసింది. నేను తల దించుకున్నాను.

"కొన్నాళ్ళు తాళప్పా," అంది.

మా ఇంటాయనతో పటాలంలో ఉన్న ఈరన్న అనే నేతగాడు ధర్మవరానికి తిరిగొచ్చాడని తెలిసి ఇద్దరం రైలెక్కాము. మగ్గం పక్కన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఎముకల గూడు. సంజీవప్ప పేరు వినగానే ఏడ్చాడు.

"అమ్మా, జపానోళ్ళు మమ్మల్ని రెండు గుంపులు చేసిరి. వాని గుంపును ఓడెక్కించిరి. యాడికో తెలీదు. నన్ను చూసి చెయ్యి ఊపినాడు. అంతే."

"అప్పుడు ఒళ్ళు బాగుండెనా నాయనా?"

"జ్వరముండె."

తిరుగు రైలులో అత్త పెనుకొండ వచ్చినప్పుడు పుట్టిన పల్లె వైపు తల కూడా తిప్పలేదు. ఇక కూడికకు ఒప్పుకుంటుందనుకున్నాను. ఒప్పుకుంటే బాగుండునని కూడా అనిపించింది. ఏడవడానికి నాకొక దినమంటూ దొరుకుతుందని.

ఇల్లు చేరి కాళ్ళు కడుక్కుని అత్త తిరగలి ముందర కూర్చుంది. పిడికెడు రాగులు తీసింది. కుండ మీద చెయ్యి అట్లే నిలిచిపోయింది.

"ప్రభువా," అంది. "నువ్వు చెప్పవు. తెలుసు నాకు. అయినా అడుగుతాండా. నా సంజీవ యాడుండాడు?"

రాగులు కుండలోకి జారిపోయాయి. ఎక్కడా ఏ సడీ లేదు. ఆమె తిరగలి పిడి పట్టుకుని విసరసాగింది. ఎదురుగా కూర్చుని నేనూ ఒక చెయ్యి వేశాను.

అప్పటి నుంచి రోజూ అదే అడిగేది. మరుసటి ఎండాకాలం జ్వరంతో పోయింది, జవాబు వినకుండానే. ఆమె ఆదరణ కూడిక నాడు ఉపదేశి నా పక్కకు వచ్చి మెల్లగా, "అమ్మా, కొడుకు పేరు కూడా కలిపి ప్రార్థన చేయమంటావా?" అని అడిగాడు.

"వద్దయ్యా," అన్నాను. "ఆయన సంగతి మేము ఇంకా అడుగుతాండాము."