ఎర్ర షాక్ అబ్జార్బర్లు, నాయనమ్మ కొత్త మోకాలు

తాతయ్య పాత ఫియట్ కారును స్టైల్ కోసం నాలుగు వేళ్లు కిందకు దింపించిన మేధావిని నేనే. "దించిన బండికి పొట్టివి, గట్టివి వెయ్యాలి తమ్ముడూ, లేకపోతే ప్రతి గతుక్కీ ఎగిరి పడుద్ది" అని తెనాలి మెకానిక్ మొత్తుకున్నా వినకుండా, ఎర్రగా మెరుస్తున్నాయని పొడుగాటి షాక్ అబ్జార్బర్లు ఎంచుకున్నాను.

మోకాలి ఆపరేషన్ తర్వాత ఈ రోజే మొదటిసారి, టీచరుగా రిటైరైన మా నాయనమ్మ చర్చికి బయలుదేరింది, నా కారులో. మొదటి స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరి దబ్బున పడింది. నాయనమ్మ మోకాలు పట్టుకుని కళ్లు మూసుకుంది.

రెండోది కనబడగానే, "ఆపరా బాబూ, దిగి దాటొస్తా. నీ కారుకన్నా నా కొత్త మోకాలే నయం" అంది.

అలా ఐదుసార్లు కర్ర పట్టుకుని దిగింది, దాటింది, ఎక్కింది. ఆఖరి స్పీడ్ బ్రేకర్ సరిగ్గా చర్చి గేటు ముందు. అందరూ చూస్తున్నారు.

"ఏంటి టీచరుగారూ, కారుండగా నడిచొస్తున్నారు?" అని పాస్టరుగారు అడిగారు.

"డాక్టరుగారు నడవమన్నారండి. మా వాడు గుర్తుపెట్టుకుని మరీ దింపుతున్నాడు" అంది నాయనమ్మ, నా భుజం తడుతూ.

ప్రసంగం అయ్యేదాకా తల ఎత్తలేదు. నాది భక్తి అనుకున్నారు.

రేపు పొట్టివి వేయిస్తున్నాను, రంగు ఏదైనా సరే. మీలో ఇలాంటి మేధావులుంటే కాస్త చెయ్యెత్తండి, ఒంటరిగా సిగ్గుపడలేకపోతున్నాను.