టీచరు గారికి చేతి సంచిలో చోటు లేదట

మన బడిలో మనందరికీ సోషల్ చెప్పిన టీచరు గారు చనిపోయారు. మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. కొంతకాలం ఆగి, మనసు కుదుటపడ్డాక ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనుకున్నాను. కానీ ఈ శనివారం ఉదయం ఆవిడ అస్థికలు విమానంలో కాశీకి వెళ్తున్నాయి. విమానం కింద, సామాన్లలోకి పంపే సూట్‌కేసులో, ఒక జత బూట్ల పక్కన. అందుకే ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను.

నేనెవరో కొందరికి గుర్తుండకపోవచ్చు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. మా అమ్మ టీచరు గారింట్లో పనిచేసేది. బడి వదిలాక, అమ్మ అంట్లు తోమేంతసేపు నేను ఆవిడ గడప దగ్గర కూర్చుని అట్లాసు తిరగేసేదాన్ని. గడప దగ్గర కూర్చోవడం నా అలవాటే కానీ ఆవిడ పెట్టిన నియమం కాదు. "అక్కడ చీకటి. ఇటు రామ్మా, మ్యాపు కళ్లతో చూడాలి, ఊహించుకుని కాదు" అని తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టారు.

బడిలో ఆవిడ ఎలా ఉండేవారో మీకు నేను చెప్పక్కర్లేదు. గోదావరి వైపు నుంచి ఇక్కడికి వచ్చి అన్నేళ్లయినా నోట్లోంచి 'అండి' పోలేదు. "ఏమండీ మహానుభావా, హోంవర్కు ఎక్కడండీ?" అని మర్యాదగానే చెవి మెలిపెట్టేవారు. మా అమ్మను 'మీరు' అని పిలిచిన మొదటి మనిషి ఆవిడ. తాను చూడని సముద్రాలన్నీ సుద్దముక్కతో బోర్డు మీద గీసి, రిటైరయ్యాక ఒక్కొక్కటే చూసి రావడం మొదలుపెట్టారు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఒంటరిగానే వెళ్లేవారు.

మీలో ఎక్కువమంది చూడనిది ఆవిడ సామాను సర్దడం. మంచం మీద పాత దుప్పటి పరిచి, మధ్యలో తువ్వాలును చుట్టి అడ్డంగా పెట్టేవారు. అటువైపువి కిందకు పంపేవి, ఇటువైపువి చేతిలో ఉండేవి. ఒక్కో వస్తువునూ ఎత్తి పట్టుకుని దాన్నే అడిగేవారు: "దారిలో నీ గురించి బెంగ పెట్టుకుంటానా?" పట్టుచీరలు అటు పోయేవి. కళ్లజోడు, మందులు, ఒక నేతచీర, సగం చదివిన పుస్తకం ఇటు ఉండిపోయేవి. "ఖరీదు చూసి సర్దకూడదమ్మా, బెంగ చూసి సర్దాలి" అనేవారు.

ఆవిడ దేవత ఏమీ కాదు. విమానంలో ఇచ్చిన చక్కెర పొట్లాలన్నీ పోగేసి ఇంటికి తెచ్చేవారు. కిటికీ సీటు కోసం చిన్నపిల్లలతో కూడా పోట్లాడేవారు.

నాకు ఉద్యోగం వచ్చి, ట్రైనింగుకు విమానంలో పుణె వెళ్లాల్సి వచ్చినప్పుడు లింగంపల్లిలో మా కిరాయి గదికి ఆవిడే వచ్చారు. అప్పటికే నేను సర్దేశాను. మా ఇళ్లలో విలువైనదేదైనా అడుగున, బట్టల కింద, తాళం వేసి ఉండాలి. అందుకే పదో తరగతి మెమో మొదలు డిగ్రీ దాకా నా సర్టిఫికెట్లన్నీ సూట్‌కేసు అడుగున పరిచి, పైన బట్టలు కప్పి, తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకున్నాను. చేతి సంచిలో అమ్మ మామిడికాయ తొక్కు సీసా, సకినాలు పెట్టింది.

టీచరు గారు తాళంచెవి తీసుకుని అన్నీ బయటకు లాగారు.

"ఇది బీరువా అనుకున్నావా? బీరువా ఇంట్లోనే ఉంటుంది. ఇది ఎయిర్‌పోర్టులో నీ కళ్ల ముందే నల్ల పట్టీ మీద ఎటో వెళ్లిపోతుంది."

"తాళం ఏసింది గద టీచరమ్మా, ఎవడు దీస్తడు?" అంది అమ్మ.

"ఎవరూ తియ్యక్కర్లేదండి. ఇంకో ఊరికి పోతే చాలు."

"మరి తొక్కు?"

"అది కిందకి. పైకి రానివ్వరు."

"నా బిడ్డకు నడుమల ఆకలైతే?"

"సకినాలున్నాయి కదండీ. పుణె దాకా వెళ్లేలోపు చిక్కిపోదులెండి మీ పిల్ల."

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సర్టిఫికెట్లు ఒళ్లో పెట్టుకుని నేను మొదటిసారి విమానం ఎక్కాను.

చివరి ఏళ్లలో ఆవిడ తెల్లాపూర్‌లో తన తమ్ముడి కొడుకు దగ్గర ఉన్నారు. ఆయన ఒక ఐటీ కంపెనీలో మేనేజరు. వైద్యం బాగానే చేయించారు, ఆ మాట చెప్పాలి. ఆసుపత్రికి వెళ్లిన రోజున కూడా సంచి ఆవిడే సర్దుకున్నారు. ఐసీయూలోకి సంచి రాకూడదన్నారు. "కళ్లజోడైనా ఇవ్వండమ్మా, ఎవరొచ్చారో చూడొద్దా?" అని నర్సును అడిగారు. నేను విన్న ఆఖరి మాట అదే.

అస్థికలు ఇంట్లోకి తేకూడదు కాబట్టి వాటి కుండను శ్మశానంలోని లాకరులో పెట్టారు. శనివారం ఉదయం దాన్ని తీసుకుని అటునుంచి అటే ఎయిర్‌పోర్టుకు వెళ్లాలి. మొన్న నేను తెల్లాపూర్ వెళ్లేసరికి ఆయన హాల్లో సామాను సర్దుకుంటున్నారు. సోఫా మీద చేతి సంచి నిండిపోయి ఉంది: ల్యాప్‌టాప్, కెమెరా, దాని రెండు లెన్సులు, పడవలో వేసుకోవడానికి ఇస్త్రీ చేసిన కుర్తా. కింద పెద్ద సూట్‌కేసు తెరిచి ఉంది. ఒక పక్క పాలిథిన్ కవరులో బూట్లు. వాటి పక్కన గుండ్రంగా కాస్త ఖాళీ.

"ఆ ఖాళీ దేనికి సార్?" అని అడిగాను. అడిగే ముందే నాకు తెలుసు.

"అత్తయ్యకే. బబుల్ షీట్ చుట్టేస్తాం, తాళం వేసేస్తాం. సేఫ్."

"చేతిలో పట్టుకుని పోవచ్చు సార్. విమానం వాళ్లను ముందే ఫోన్ చేసి అడిగిన. దహనం చేసిన సర్టిఫికెట్ చూపిస్తే చాలన్నరు."

"తెలుసమ్మా. స్కానింగ్ దగ్గర అందరి ముందూ తెరవమంటే? పక్క సీటువాడు ఏమనుకుంటాడు? అయినా ల్యాప్‌టాప్ కింద వెయ్యలేను కదా, బ్యాటరీ ఉంది."

"కెమెరా?"

"కెమెరా పగిలిపోదూ!" అని నవ్వారు. "చివరికి నీళ్లలో కలిపే బూడిదే కదమ్మా. సెంటిమెంటు పెట్టుకోకు."

ఆ కవరులోంచి బూట్ల వాసన వస్తోందో, నాకే అలా అనిపించిందో చెప్పలేను. మా అమ్మలాంటి మనిషి తాళం ఉంటే భద్రం అనుకోవడం వేరు. ఏది పగిలితే బాధో, ఏది పోయినా ఫరవాలేదో బాగా లెక్కేసుకుని సర్దడం వేరు. అంత రోత నాకు ఎప్పుడూ కలగలేదు.

"అయితే నేను పట్టుకొస్త సార్. నా టికెట్ నేనే తీసుకుంట."

ఆయన జిప్పు లాగడం ఆపారు. "నువ్వా? ఏమీ అనుకోకు. నాకేం లేదు. మీ అమ్మ అత్తయ్య దగ్గర పనిచేసిన మనిషి. కాశీలో మా పెద్దవాళ్లుంటారు, నీ చేతుల్లో చూస్తే గొడవ చేస్తారు. అత్తయ్య స్టూడెంట్లలో మావాళ్లు ఎవరైనా ఉంటే చూడు. వాళ్లు పట్టుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. శుక్రవారంలోగా చెప్పు, లేకపోతే ఇలాగే."

ఆవిడ మంచం మీద కూర్చుని చదువుకున్న నేను, వాళ్ల లిఫ్టులో కిందకు దిగుతూ నా చేతులు చూసుకున్నాను. అలా చూసుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఊరుకోకూడదని, తెల్లాపూర్ వెళ్లి గేటు దగ్గరే అందరి ముందూ అడిగేస్తానని అన్నాను.

"థూ! చెప్పుల పక్కకు వెడ్తడా?" అని అమ్మ చాలాసేపు తిట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "లడాయి వెట్టుకుంటే ఏమొస్తది బిడ్డా? ఆయన ఇంక మొండికేస్తడు. టీచరమ్మ ఎవరో ఒకరి ఒళ్లె కూసోని పోవాలె. ఆ ఒడి నీదే గావాల్నా?" అంది.

అందుకే ఇది రాస్తున్నాను.

మీది ఏ ఊరు, ఏ ఇంటిపేరు అని నేను అడగను. అది ఆయన అడుగుతారు. ఆయన ఒప్పుకునే జవాబు ఉన్నవాళ్లు మనలో తప్పకుండా ఉంటారు. ఈ మాట ఇలా రాయాల్సి రావడం నాకు వెగటుగా ఉంది. చదివే మీకూ ఉండాలి. అయినా మీలో ఒక్కరు చాలు. టికెట్ సంగతి నేను చూసుకుంటాను, కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. శుక్రవారం సాయంత్రంలోగా వస్తారో రారో ఒక్క మాట చెప్పండి. ఆయన చెప్పిన గొడవ కాశీలోనే కాబట్టి, శనివారం ఉదయం లాకరులోంచి కుండ తీయించి, శ్మశానం గేటు దగ్గర దాన్ని పట్టుకుని అమ్మా నేనూ నిలబడి ఉంటాం. మీ సామాను ఏదైనా ఉంటే కిందకు పంపేయండి. రెండు చేతులూ ఖాళీగా రండి.