తువ్వాల కప్పిన డప్పు

సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు ఇంటి ఓనరు మెట్లెక్కి పైకి వచ్చాడు. కీబోర్డు స్విచ్ వేస్తూ అప్పుడే గోడ గడియారం చూశాను కాబట్టి సమయం గుర్తుంది. పాలమూరులో ఆ మేడ మీది రెండు గదులు కిరాయికి తీసుకుని మాకు ఐదు నెలలైంది. నేనూ మా అన్నా ఉండేవాళ్లం. మా ఊరు కోస్గి దగ్గర. నేను డిగ్రీ కాలేజీ గ్రంథాలయంలో పనిచేస్తాను. అన్న బండలు పరిచే మేస్త్రీ. ఓనరు ఇంటి వరండాలో పగిలిన నాలుగు బండలు మార్చింది అన్నే.

రోజూ ఆ వేళకు ఇంకో ఇద్దరు వచ్చేవాళ్లు. పాట పాడే అమ్మాయి ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. గిటారు వాయించే మిత్రుడికి సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. నాది కీబోర్డు, అన్నది డప్పు. నలుగురం కలిసి ఒక బ్యాండు.

ఓనరు గుమ్మంలోనే నిలబడ్డాడు. రిటైరైన హెడ్మాస్టరు. గొంతు ఎప్పుడూ పెంచడు.

"మీరు కీబోర్డు వాయించుకోండ్రి సార్. గిటారుతోని కూడ ఫికర్ లేదు. గీ అమ్మాయి పాట మంచిగుంటది, మా ఇంట్ల ఆమె కిటికీ కాడ కూసొని ఇంటది. గా డప్పు మాత్రం వద్దు."

"చప్పుడు ఎక్కువైందా సార్?"

"చప్పుడని కాదు." గొంతు ఇంకా తగ్గించాడు. "గల్లీల వచ్చిపొయ్యేటోళ్లు అడుగుతున్రు, మీ ఇంట్ల ఎవరు పోయిండ్రని."

అన్న కింద కూర్చుని ఉన్నాడు, డప్పు ఒళ్లో ఉంది. ఓనరు అతని వైపు తిరిగాడు.

"నువ్వేం అనుకోకు. నువ్వు గా గ్రౌండులనో యాడనో పొయ్యి కొట్టుకో."

నాకు మీరు, అన్నకు నువ్వు. అన్న నాకంటే పదకొండేళ్లు పెద్ద.

ఇల్లు చూడటానికి వచ్చిన మొదటి రోజు ఇదే మనిషి మాకు చాయ్ ఇచ్చి, ఉద్యమంలో తోటి టీచర్లతో కలిసి కలెక్టరాఫీసు దాకా డప్పుల వెనక నడిచానని చెప్పాడు. డప్పు లేకుంటే జనం కదిలేవాళ్లే కాదన్నాడు. ఆ డప్పుల వరసలో మా అన్న కూడా ఉన్నాడు. రాష్ట్రం వచ్చి అప్పటికి నాలుగేళ్లు. రోడ్డు మీద పనికొచ్చిన డప్పు మేడ మీద పనికిరాలేదు.

ఓనరు దిగి వెళ్లాక అన్న లేచి డప్పు భుజానికి తగిలించుకున్నాడు.

"తమ్మీ, నేను బయటికి పోత. మీరు కానీయండ్రి. పాట తయారైనంక నన్ను పిలువుండ్రి."

"పోవద్దు."

"పోకుంటే ఏం జేస్తవ్? ఆయన ఇల్లు ఆయనిష్టం."

"డప్పును బయటికి పంపి లోపల పాట తయారుజేసుడు నాతోని కాదు. ఏదో ఒకటి చూస్త."

ఊళ్లో మా వాడ డప్పులు గుడి ముందు వాయించేవాళ్లు, గుమ్మం దాటేవాళ్లు కాదు. పెళ్లి ఊరేగింపు ముందు నడిచేవాళ్లు, పందిట్లోకి వెళ్లేవాళ్లు కాదు. మా బాపు అలాగే వాయించి పోయాడు. అన్న ఈ గదిలోంచి కూడా బయటికి పోతే మేమిద్దరం పాలమూరు వచ్చి చేసిందేమీ లేదు. నాకు అది ఒక్కటే పట్టింది.

సెల్ దుకాణం మిత్రుడు ఉపాయం చెప్పాడు. హెడ్‌ఫోన్ మిక్సరని ఒక చిన్న పెట్టె ఉంటుంది. మూడు వాద్యాల తీగలూ మైకు తీగా అందులోకి వెళతాయి, నాలుగు హెడ్‌ఫోన్ల తీగలు బయటికి వస్తాయి. ఎవరి చెవుల్లో వాళ్లకు మొత్తం పాట వినిపిస్తుంది. గదిలో ఏమీ వినిపించదు. కీబోర్డుకూ గిటారుకూ తీగ గుచ్చితే చాలు. పాడే అమ్మాయి మైకు దగ్గరగా పెట్టుకుని మెల్లగా పాడుతుంది. మిగిలింది డప్పు.

డప్పు మీద నాలుగు మడతల తువ్వాల కప్పితే బయటికి చప్పుడు పోదు, కానీ హెడ్‌ఫోన్‌లోకి కూడా రాదు. అందుకని మిత్రుడు ఒక పాత అలారం విప్పి, అందులోని ఇత్తడి బిళ్లకు తీగ అతికించి పికప్ తయారుచేశాడు. అది గాలిలోని చప్పుడు వినదు, అంటించిన వస్తువు అదురును మాత్రమే పట్టుకుంటుంది. మిక్సరు కొన్నాక దానితో వచ్చిన పుస్తకం నేను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. చదివి ఒక తప్పు చేశాను.

వాయించే ముందు డప్పును మంట మీద కాచాలి. తోలు బిగిస్తేనే పలుకుతుంది. అది మాకు ఎంత అలవాటంటే, పని అని కూడా అనుకోం. ఆ రోజు అన్న మిద్దె మీద రెండు పాత పేపర్లు కాల్చి డప్పు కాచి తెచ్చాడు. నేను వేడి తోలు మీదనే బిళ్లను రెండు వైపులా జిగురుండే టేపుతో అంటించి, పైన తువ్వాల కప్పాను. నలుగురం హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాం. మూడు నిమిషాలు బాగానే నడిచింది. తువ్వాల కింద జిగురు కరిగి బిళ్ల జారింది. అన్న కుడిచేతి సిర్ర, అంటే లావు పుల్ల, సరిగ్గా దాని మీద పడింది. నాలుగు జతల చెవుల్లో ఒకేసారి పిడుగు పడింది. అందరం హెడ్‌ఫోన్లు పీకి పారేశాం. పాడే అమ్మాయి చెవులు రెండూ మూసుకుని గోడకు ఆనుకుంది.

అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "గంత లావు పుస్తకం సదివినవ్, అండ్ల డప్పు కాసుడు రాయలేదారా తమ్మీ?"

"రాయలే."

"రాసినోనికి డప్పు ఎర్కలేనట్టుంది."

"అన్నా, నవ్వకు," అంది పాడే అమ్మాయి. "నా చెవులు పోతె దవాఖానల పేషంట్లు పిలిస్తె నాకు ఇనవడది."

"నీకు ఇప్పుడు మాత్రం ఇనవడ్తదా? మొన్న జరమొచ్చి మీ దవాఖానకొస్తే గంటసేపు పిలిచిన నిన్ను."

మర్నాడు కాచకుండా ప్రయత్నించాం. హెడ్‌ఫోన్లో అట్టపెట్టె కొట్టిన చప్పుడు వచ్చింది. చల్లటి డప్పు కొట్టడం కంటే ఊరుకోవడం నయమన్నాడు అన్న. చివరికి దారి చూపింది అతనే. బండల పనివాడు కదా, ఏది ఎక్కడ ఎంత వేడెక్కుతుందో చేత్తో తెలుసుకుంటాడు. కాచిన డప్పును నా చేతికిచ్చి చుట్టూ తడిమి చూడమన్నాడు. తోలు కాలుతోంది, కానీ చెక్క చట్రం లోపలి అంచు చల్లగానే ఉంది. బిళ్లను అక్కడ అంటించాం. నిలిచింది. తాళం వేసే అతని కాలి మడమ నేలకు తగిలి కింది ఇంటికి వినిపించకుండా కాలి కింద బొంత మడత వేశాం.

మొదట్లో ఎవరికి వాళ్లం మిక్సరు మీద మా వాద్యం వాల్యూమే పెంచుకున్నాం. పాట కుదరలేదు. అన్న చెప్పాడు, "నీది తగ్గించు. పక్కోడు మంచిగ ఇనవడేదాక తగ్గించు." డప్పుల బృందంలో అంతేనట, వాయిస్తూ పక్కవాడి పాదం చూడాలి. ఆ తర్వాత మేం ఒకరి పాదం ఒకరు చూసుకుంటూ వాయించాం.

పాట కుదిరిన రోజు అన్న వాయించడం ఆపి హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో చెవులకు నొక్కుకున్నాడు. మిత్రుడు అప్పుడే రికార్డు చేసిన ముక్కను అతనికి తిరిగి వినిపిస్తున్నాడు.

"గిది నేనేనా?"

"నువ్వే."

"ముప్పై ఏండ్ల సంది కొడ్తున్న. కొట్టేటోనికి చెయ్యి నొప్పి ఎర్కైతది గని, డప్పు ఇట్ల పలుకుతదని ఎర్కనే లేదు." మళ్లీ విన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు.

ఆ పెట్టె కొన్నందుకు నేను గర్వపడ్డాను. వద్దన్న డప్పును అదే ఇంట్లో, ఓనరు తల పైన రోజూ వాయిస్తున్నాం, ఆయనకు తెలియదు. దాన్ని ఎదిరించడం అనుకున్నాను.

రెండు వారాల తర్వాత అనుమానం వచ్చి ఓనరు మళ్లీ వచ్చాడు. నలుగురు మనుషులు చెవులకు తీగలు పెట్టుకుని తలలు ఊపుతున్నారు. తువ్వాల మీద పుల్లల టపటప, మైకు దగ్గర అమ్మాయి సన్నటి గొంతు తప్ప గదిలో ఇంకేమీ లేదు.

"ఏంది సార్ గిది? మూగోళ్ల బ్యాండా?"

పాడే అమ్మాయి తన హెడ్‌ఫోన్ తీసి ఆయనకిచ్చింది. పెట్టుకున్నాడు. మేం పాట మొదటి నుంచి ఎత్తుకున్నాం. ఒక చరణం పూర్తయ్యేసరికి ఆయన కుడికాలు కదులుతోంది. కలెక్టరాఫీసు దాకా నడిచిన కాలే. పాట అయిపోయేదాకా నిలబడి విన్నాడు.

"శానా మంచిగుంది. డప్పే అసలు. గిట్లనే కొట్టుకోండ్రి, నాకేం ఇబ్బంది లేదు."

అన్న తువ్వాల సర్దుతూ తలెత్తకుండానే అడిగాడు. "సార్, చెవులకు మంచిగున్నది వాకిట్లకు మంచిగుండదా?"

ఆయన నవ్వి, "నువ్వు అన్ని అడుగుతవ్," అని దిగి వెళ్లాడు.

ఆయనకు డప్పు ఇష్టమే. అది తన ఇంట్లోంచి వస్తోందని గల్లీకి తెలియడమే ఇష్టం లేదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలియాల్సింది, తెలిసింది కూడా. అయినా మర్నాడు సాయంత్రం డప్పు మీద తువ్వాల కప్పింది నేనే. అలా మూడేళ్లు కప్పాను.

నాలుగో ఎండాకాలంలో అన్న పని దగ్గర బండ ఎత్తుతూ పడిపోయాడు. గుండె అన్నారు. మూడు రోజులు దవాఖానలో ఉన్నాడు. మూడో రోజు పొద్దున పోయాడు. పాడే అమ్మాయి అక్కడే డ్యూటీలో ఉంది. అతని చేతి నుంచి సూది తీసింది ఆమే.

నేను కాగితాల మీద సంతకాలు పెడుతుండగా ఓనరు ఫోన్ చేశాడు. బాధపడ్డాడు, అది అబద్ధం కాదు. తర్వాత అన్నాడు, "మీరు అన్ని తెల్సినోళ్లు. ఆడికెల్లి ఆడికే ఊరికి తీసుకపోతే మంచిది."

కిరాయి ఇంటికి శవాన్ని రానివ్వరు. మా దిక్కు అది అందరికీ తెలిసిన కట్టుబాటు, ఏ కిరాయి కాగితంలోనూ రాసి ఉండదు. నేను "సరే సార్" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అంబులెన్సు మా గల్లీ మలుపు దాటిపోయింది. అన్న చెప్పులు మేడ మీద తలుపు పక్కన ఉన్నాయి.

ఊళ్లో వాడ డప్పులన్నీ ముందు నడిచాయి. అన్న డప్పు వాటిలో లేదు. అది పాలమూరులో, తువ్వాల కింద ఉంది. ఊళ్లో ఎవరు పోయినా ముందు నడిచిన మనిషి, తను పోయినప్పుడు తన డప్పు లేకుండా పోయాడు. దుఃఖం గురించి అందంగా రాసిన పుస్తకాలు నా అరల్లో చాలా ఉన్నాయి. ఈ విషయంలో నాకు అవి అక్కర్లేదు. నేను సరే అన్నాను, డప్పు అక్కడ ఉండిపోయింది. అంతే.

పదకొండో రోజు అయ్యాక పాలమూరు వచ్చాను. మర్నాడు సాయంత్రం మిగిలిన ఇద్దరూ వచ్చారు. పాడే అమ్మాయి అలవాటుగా హెడ్‌ఫోన్ చేతిలోకి తీసుకుంది. నేను ఆమె చేతిలోంచి తీసుకుని మిక్సరుకున్న తీగలన్నీ ఊడబీకాను. కీబోర్డునూ గిటారునూ స్పీకరుకు కలపమని మిత్రుడికి చెప్పాను. కిటికీలు తెరిచాను. డప్పు మీది తువ్వాల తీసి మడిచి పక్కన పెట్టాను. బిళ్లను చట్రం నుంచి గోటితో గీకి తీశాను.

"నీకు కొట్టొస్తదా?" అని నన్ను అడిగింది ఆమె.

"సరిగ్గ రాదు."

"మరి?"

"చిన్నప్పుడు అన్న నాకు డబ్బా మూత మీద ఒక్క దెబ్బ నేర్పిండు. గది కొడ్త. నువ్వు గొంతెత్తి పాడు."

మిద్దె మీద పేపర్లు కాల్చి డప్పు కాచాను. వేళ్లు కాలాయి. కిందికి తెచ్చి తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడి కొట్టాను. తప్పులు దొర్లాయి. అయినా అది కాచిన డప్పు, గల్లీ చివరి దాకా వినిపించింది. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చారు. పాడే అమ్మాయి మూడేళ్లలో మొదటిసారి ఆ గదిలో గొంతు విప్పింది.

ఓనరు వచ్చి పై మెట్టు మీద ఆగాడు. పాట అయ్యేదాకా ఆగి అన్నాడు, "ఇన్ని రోజులు మంచిగనే ఉంటిరి గద సార్."

"ఉంటిమి."

"గల్లీల అడుగుతరు."

"అడిగితే చెప్పుండ్రి సార్, పైన కిరాయికుండేటాయన అన్న పోయిండని. ఇంతకుముందు ఎవరు పోయిండ్రని అడిగితే మీకు చెప్పేతందుకు పేరు లేకుండె. ఇప్పుడు ఉంది."

ఆయన తల తిప్పి గల్లీలోకి చూశాడు. తర్వాత, "నెలాఖరుకు వేరే జాగా చూసుకోండ్రి," అన్నాడు.

"చూసుకుంటం. అప్పటిదాక రోజూ గిదే ఏళకు కొడ్తం."

కొట్టాం. పద్దెనిమిది సాయంత్రాలు, ఐదు గంటల నలభై నిమిషాలకు. ఆయన భార్య కిటికీ మూయలేదు. ఆయన మళ్లీ పైకి రాలేదు.

ఇప్పుడు మా వాద్యాలు సెల్ దుకాణం వెనకాల రేకుల షెడ్డులో ఉన్నాయి. డప్పుకు ఇంకో మనిషిని తీసుకోలేదు, నేనే నేర్చుకుంటున్నాను. మిక్సరు దాని పెట్టెలోనే ఉంది. కీబోర్డు ఒక్కడినే సాధన చేసేటప్పుడు ఎప్పుడైనా తీస్తాను, దాని తప్పేమీ లేదు. అన్న తువ్వాల మేకుకు వేలాడుతోంది, చెమట తుడుచుకుంటాను.

డప్పు మీద దాన్ని కప్పడం లేదు.